చూపు నుంచి పుట్టిన సైన్స్ మాటలు

పెద్ద ఆసుపత్రిలో గదుల మీద రాసి ఉండే పేర్లు ఒకసారి చదివితే ఎండోస్కోపీ, కొలనోస్కోపీ, బయాప్సీ, ఆప్టోమెట్రీ వంటి మాటలు కనిపిస్తాయి. ఫిజిక్స్ ల్యాబ్‌లో మైక్రోస్కోప్, టెలిస్కోప్, స్పెక్ట్రోస్కోప్ ఉంటాయి. కళ్లద్దాల చీటీలో మయోపియా, ప్రెస్బయోపియా, డయాప్టర్ అని ఉంటుంది. పైకి ఒకదానికొకటి సంబంధం లేనట్టు ఉండే ఈ మాటలన్నీ ఒకే క్రియ చుట్టూ అల్లుకున్నవి. ఆ క్రియ ‘చూడటం’.

పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్మీడియట్‌లో ఇంగ్లిష్ మాధ్యమానికి మారిన విద్యార్థిని మొదట ఇబ్బంది పెట్టేది చాలాసార్లు పాఠంలోని విషయం కాదు, అందులోని మాటలు. ‘సూక్ష్మదర్శిని’ అని చదివినప్పుడు సూక్ష్మమైనదాన్ని చూపించేది అనే అర్థం ఆ మాటలోనే వినిపించేది. ‘మైక్రోస్కోప్’ అన్నప్పుడు ఏమీ వినిపించదు. దాంతో స్పెల్లింగ్, నిర్వచనం రెండూ బట్టీ పట్టాల్సి వస్తుంది. నిజానికి మైక్రోస్కోప్ కూడా సూక్ష్మదర్శిని లాగే కట్టిన మాట. గ్రీకులో ‘మైక్రోస్’ అంటే చిన్నది, ‘స్కోపెయిన్’ అంటే పరికించి చూడటం. ఆ భాష తెలిసినవారికి అందులో బట్టీ పట్టడానికి ఏమీ లేదు.

అందుకోసం గ్రీకు, లాటిన్ భాషలు నేర్చుకోనక్కర్లేదు. చూపుకు సంబంధించిన నాలుగైదు ధాతువులు తెలిస్తే పదుల కొద్దీ మాటల తలుపులు తెరుచుకుంటాయి. అందులో కొన్నిటికి తెలుగువాళ్లు రోజూ వాడే మాటలతో దూరపు చుట్టరికం కూడా ఉంది.

విందులో పెట్టిన పేరు

1609లో గెలీలియో తాను తయారుచేసుకున్న దూరదర్శినిని ఆకాశం వైపు తిప్పినప్పుడు దానికి ఇంకా ఆ పేరు లేదు. 1610లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన దాన్ని ‘పెర్‌స్పికిల్లుమ్’ అన్నారు. లాటిన్‌లో ‘పెర్’ అంటే గుండా, ‘స్పెకెరె’ అంటే చూడటం. దేని గుండా చూస్తామో అది పెర్‌స్పికిల్లుమ్.

1611 ఏప్రిల్ 14న రోమ్ నగరంలో గెలీలియో గౌరవార్థం ఒక విందు జరిగింది. ఏర్పాటు చేసింది లించేయీ అకాడమీ. లింక్స్ అనే అడవిపిల్లికి చూపు చాలా చురుకని యూరప్‌లో పేరు, అందుకే ఆ విద్వత్సభ తనకు ఆ జంతువు పేరు పెట్టుకుంది. ఆ విందులో గ్రీకు పండితుడు జొవాన్ని డెమిసియానీ సూచించిన పేరే టెలిస్కోప్. ‘టెలె’ అంటే దూరం. గెలీలియో తర్వాత మరో పరికరం తయారుచేసి దాన్ని ముద్దుగా ‘చిన్న కన్ను’ అనే అర్థమిచ్చే ఇటాలియన్ మాటతో పిలుచుకున్నారు. 1625లో అదే అకాడమీ సభ్యుడు జొవాన్ని ఫాబర్ టెలిస్కోప్ వరసలోనే దానికి మైక్రోస్కోప్ అని పేరు పెట్టారు.

ఇటలీలో పుట్టిన పరికరాలకు గ్రీకు పేర్లు ఎందుకు? ఆనాటి యూరప్‌లో ఇంట్లో ఎవరి భాష వారిదే అయినా, పండితులు ఒకరికొకరు రాసుకునే భాష లాటిన్. న్యూటన్ 1687లో ‘ప్రిన్సిపియా’ను లాటిన్‌లోనే రాశారు. 1704లో ‘ఆప్టిక్స్’ను మాత్రం ఇంగ్లిష్‌లో వెలువరించారు. కొత్త వస్తువుకు అందరికీ ఒప్పుదలయ్యే పేరు కావాలంటే పాత భాషల్లోకి వెళ్లేవారు. రెండు ముక్కలు అతికించి కొత్త మాట చేయడానికి గ్రీకు బాగా వీలైన భాష. తెలుగులో శాస్త్ర పదం అవసరమైనప్పుడు సంస్కృతం వైపు చూసి దూరదర్శిని, సూక్ష్మదర్శిని, పరిదర్శిని అని కట్టుకున్నదీ ఇదే పద్ధతిలో.

మాట తోక చెప్పే సంగతి

ఇలాంటి మాటను చివరి నుంచి చదవడం సులువు. ‘స్కోప్’ అని ముగిస్తే అది చూసే పరికరం. ‘స్కోపీ’ అని ముగిస్తే చూసే పని లేదా పద్ధతి. ‘స్కోపిక్’ అని ముగిస్తే దానికి సంబంధించినది. మాట మొదట్లో ఉన్నది దేన్ని చూస్తారో, ఎక్కడ చూస్తారో చెబుతుంది. ‘ఎండో’ అంటే లోపల, కనుక ఎండోస్కోపీ అంటే లోపల చూడటం. ‘ఆర్థ్రోన్’ అంటే కీలు. ఆర్థ్రోస్కోపీలో మోకాలు, భుజం వంటి కీళ్ల లోపలికి సన్నని గొట్టం పంపి చూస్తారు. ‘లపారా’ అంటే పక్కటెముకలకు, తుంటికి మధ్య ఉండే మెత్తని భాగం. పొట్ట మీద చిన్న రంధ్రం చేసి కెమెరాతో లోపల చూసే పద్ధతికి లాపరోస్కోపీ అన్న పేరు అందుకే వచ్చింది.

‘ఆప్సిస్’ అనే గ్రీకు మాటకు చూపు, చూడటం అని అర్థం. సినాప్సిస్‌లో ‘సిన్’ అంటే కలిపి. అంతటినీ ఒక్క చూపులో చూపించేది కాబట్టి అది సారాంశమైంది. ఆటాప్సీలో ‘ఆటో’ అంటే స్వయంగా. అంటే ‘తన కళ్లతో తాను చూడటం’. మరణించిన శరీరం అన్న అర్థం ఆ మాటలో ఎక్కడా లేదు. మరణానికి కారణం ఏమిటో ఊహించి చెప్పకుండా వైద్యుడు స్వయంగా చూసి తేల్చే పరీక్షకు ఆ పేరు స్థిరపడింది.

1879లో ఫ్రెంచి వైద్యుడు ఎర్నెస్ట్ బెస్నియే బయాప్సీ అనే మాటను ప్రతిపాదించారు. ‘బయోస్’ అంటే జీవం. బతికున్న మనిషి నుంచి చిన్న కణజాలం ముక్క తీసి చూడటమే బయాప్సీ. ఈ మాట చెవిన పడగానే చాలా కుటుంబాలు క్యాన్సర్ అని నిర్ధారణ అయిపోయినట్టే హడలిపోతాయి. మాటలోనూ ఆ అర్థం లేదు, పరీక్షలోనూ లేదు. క్యాన్సర్ ఉందా లేదా అని తెలుసుకోవడానికి చేసినట్టే, లేదని నిర్ధారించుకోవడానికి, ఇతర జబ్బులను గుర్తించడానికి కూడా బయాప్సీ చేస్తారు. అది చూడటం మాత్రమే. ఏం కనిపించిందన్నది ఆ తర్వాత వచ్చే రిపోర్టు చెబుతుంది.

కళ్లద్దాల చీటీలో గ్రీకు

అదే వేరు నుంచి వచ్చిన ‘ఓపియా’ చూపు స్థితిని చెబుతుంది. మయోపియాలో మొదటి ముక్కకు అర్థం ‘మూయడం’. దూరపు వస్తువులు మసకగా కనిపించేవాళ్లు కళ్లు చికిలించి చూస్తారు. అలా చేసినప్పుడు కంట్లోకి వచ్చే కాంతి పుంజం సన్నబడి మసక కొంత తగ్గుతుంది. గ్రీకులు ఆ అలవాటును గమనించి జబ్బుకు ‘కళ్లు మూసి చూడటం’ అని పేరు పెట్టారు. కారణం తర్వాతి కాలంలో తెలిసింది. కనుగుడ్డు కాస్త పొడవుగా ఉంటే దూరపు వస్తువు ప్రతిబింబం రెటీనా మీద పడకుండా దానికి ముందే ఏర్పడుతుంది. పుటాకార కటకం దాన్ని వెనక్కి జరుపుతుంది. తెలుగు పాఠ్యపుస్తకాలు దీన్నే హ్రస్వదృష్టి అంటాయి.

ప్రెస్బయోపియాలో ‘ప్రెస్బిస్’ అంటే ముసలివాడు. వయసు పెరిగే కొద్దీ కంటిలోని కటకం సాగే గుణం కోల్పోతుంది. దగ్గరి అక్షరాల మీద దృష్టి నిలపడానికి అది తగినంత ఉబ్బలేదు. దాంతో పేపరు దూరంగా పట్టుకుని చదవాల్సి వస్తుంది. తెలుగులో దీన్ని చత్వారం అంటారు. నలభై అని అర్థమిచ్చే సంస్కృత పదం ‘చత్వారింశత్’తో ముడిపడిన పేరు ఇది. గ్రీకు మాట ముసలితనం అని ఊరుకుంటే, తెలుగు మాట దాదాపు ఏ వయసులో మొదలవుతుందో కూడా చెప్పేస్తుంది. ఈ విషయంలో తెలుగు మాటదే పైచేయి.

చీటీలో మైనస్, ప్లస్ గుర్తుల పక్కన ఉండే అంకె డయాప్టర్లలో ఉంటుంది. ‘డయా’ అంటే గుండా, రెండో ముక్క చూపు. 1872లో ఫ్రెంచి నేత్రవైద్యుడు ఫెర్డినాండ్ మొనోయే ఈ ప్రమాణాన్ని ప్రతిపాదించారు. మీటర్లలో చెప్పిన నాభ్యంతరంతో ఒకటిని భాగిస్తే వచ్చేదే డయాప్టర్ల సంఖ్య. అద్దం సామర్థ్యం మైనస్ 2 అంటే దాని నాభ్యంతరం అరమీటరు. అద్దాలు తీసేస్తే ఆ కంటికి సుమారు అరమీటరు దాటిన ప్రతిదీ మసకే.

గుంటూరు ఆకాశంలో రెండు చూపులు

లాటిన్ ‘స్పెకెరె’ నుంచి వచ్చిన సంతతి చాలా పెద్దది. ఇన్‌స్పెక్ట్ అంటే లోపలికి చూడటం. రెస్పెక్ట్ అంటే మళ్లీ వెనుదిరిగి చూడటం. గౌరవించదగ్గవారి వైపే కదా ఎవరైనా మళ్లీ చూసేది. స్పెసిమెన్ అంటే చూపించే నమూనా. స్పీషీస్‌కు మొదటి అర్థం కంటికి కనిపించే రూపం. రూపాన్ని బట్టి జీవులను వేరు చేసేవారు కాబట్టి అది జాతి అనే అర్థంలో స్థిరపడింది. స్పెక్ట్రమ్ అంటే ‘కనిపించేది’. ఇంగ్లిష్‌లో మొదట దానికి దయ్యం, నీడలాంటి రూపం అనే అర్థం ఉండేది. పట్టకం గుండా వచ్చి గోడ మీద పడిన రంగుల పట్టీకి న్యూటన్ ఈ మాట వాడారు. 1672లో రాయల్ సొసైటీ పత్రికలో అది అచ్చయింది. తెలుగులో దాన్నే వర్ణపటం అంటున్నాం.

ఆ రంగుల పట్టీని పరిశీలించే పరికరం స్పెక్ట్రోస్కోప్. దీనితో జరిగిన ఒక గొప్ప పరిశీలనకు తెలుగు నేల వేదిక అయింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్ జాన్సెన్ గుంటూరులో మకాం వేశారు. మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం నుంచి పరిశీలించారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్‌తో చూసినప్పుడు ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. జ్వాలలు వేడి వాయువుతో, ప్రధానంగా హైడ్రోజన్‌తో, నిండినవని అవి చెప్పాయి. గీతలు ఎంత కాంతివంతంగా ఉన్నాయంటే గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చని ఆయనకు తోచింది. మర్నాడు చూసి రుజువు చేశారు కూడా.

అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ అదే పద్ధతిని సొంతంగా కనుగొన్నారు. జ్వాలల కాంతిలోని ఒక పసుపు గీత సోడియం గీతతో సరిపోలడం లేదని ఆయన గమనించారు. భూమి మీద ఎవరూ ఎరగని మూలకం సూర్యుడిలో ఉందన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చింది. సూర్యుడి గ్రీకు పేరు హీలియోస్ మీదుగా దానికి హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద దాన్ని విలియం రామ్సే వేరుచేయగలిగింది 1895లో.

స్పెక్ట్రోస్కోప్ అనే పేరులో ఇంకో తమాషా ఉంది. మొదటి సగం లాటిన్, రెండో సగం గ్రీకు. కానీ ఈ రెండు ధాతువులూ ఒకే పాత ధాతువు నుంచి వచ్చాయని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. లాటిన్‌లో స-ప-క వరసలో ఉన్న హల్లులు గ్రీకులో స-క-ప అయ్యాయి. వారణాసిలోని ర, ణ తారుమారై బనారస్ అయినట్టే ఇది కూడా. అంటే స్పెక్ట్రోస్కోప్ అనే ఒకే మాటలో ‘చూడటం’ రెండుసార్లు ఉంది.

స్పష్టం, పరీక్ష, సాక్షి

ఆ పాత ధాతువుకు సంస్కృతంలో కూడా వారసులున్నారు. ‘స్పశ్’ అంటే చూడటం. దాని నుంచి వచ్చిందే స్పష్టం, అంటే ‘చూడబడినది’. తెలుగువాళ్లు మాట్లాడే ప్రతిచోటా వినిపించే స్పష్టం అనే మాట న్యూటన్ స్పెక్ట్రమ్‌కు దూరపు బంధువు.

లాటిన్ ‘విదేరె’ అంటే కూడా చూడటమే. విజన్, వీడియో, ఎవిడెన్స్ దాని సంతానం. టెలివిజన్‌లో టెలె గ్రీకు, విజన్ లాటిన్. ఆ మాటను 1900లో పారిస్‌లో జరిగిన విద్యుత్ సదస్సులో కాన్‌స్టాంటిన్ పెర్‌స్కీ వాడారు. ఇదే ధాతువు సంస్కృతంలో ‘విద్’, అంటే తెలుసుకోవడం. విద్య, వేదం, విద్వాంసుడు దీని నుంచి వచ్చినవే. ‘చూశాను కాబట్టి తెలుసు’ అనే భావం ఈ భాషలన్నిటిలో చూపును, జ్ఞానాన్ని ఒక్కచోట కట్టింది.

కన్నుకు సంస్కృతంలో ‘అక్షి’. లాటిన్ ‘ఓకులుస్’, ఆప్టిక్స్‌లోని గ్రీకు వేరు, ఇంగ్లిష్ ‘ఐ’ దీనికి జ్ఞాతులు. కంటితో సహా ఉన్నవాడు సాక్షి. కంటి ఎదుట ఉన్నది ప్రత్యక్షం. పైనుంచి చూసేవాడు అధ్యక్షుడు. సరిగ్గా ఇదే అచ్చులో గ్రీకులు ‘ఎపి’ అంటే పైన, ‘స్కోపోస్’ అంటే చూసేవాడు అని కలిపి ‘ఎపిస్కోపోస్’ అన్నారు. క్రైస్తవ సంఘంలో పర్యవేక్షకుడి పదవికి వాడిన ఆ మాటే నలిగి నలిగి బిషప్ అయింది. ఇక విద్యార్థులను భయపెట్టే ‘పరీక్ష’ సంగతి. ‘పరి’ అంటే చుట్టూ, ‘ఈక్ష’ అంటే చూడటం. పెరిస్కోప్‌లోని గ్రీకు ‘పెరి’, ఈ ‘పరి’ ఒకే మాట. జలాంతర్గామి నుంచి పెరిస్కోప్ చేసే పని, మాట అర్థాన్ని బట్టి చూస్తే, పరీక్షే.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈ చుట్టరికం తెలుగులోకి వచ్చిన సంస్కృత పదాలకే గానీ తెలుగుకు కాదు. తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందిన భాష. ఆ సంగతిని ఆధారాలతో చెప్పినవారు మద్రాసులో పనిచేసిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. 1816లో వెలువడిన కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పరిచయంలో ఆయన దాన్ని వివరించారు. తెలుగుకు చూపు మాటలు సొంతంగానే ఉన్నాయి. ‘కను’ అంటే చూడటం. కనుగొనడం, కనిపెట్టడం, కనుక్కోవడం మూడూ దాని నుంచి కట్టినవే. ఇంగ్లిష్ ‘డిస్కవర్’ కప్పు తీసేయడం దగ్గర ఆగిపోతుంది. తెలుగు ‘కనుగొనడం’ చూసి, చేజిక్కించుకునే దాకా వెళుతుంది.

భాషా కుటుంబాలు వేరైనా ఒకే పరిశీలన ఒకే మాటకు దారితీసిన సందర్భమూ ఉంది. కంటి మధ్య నల్లని రంధ్రం ఇంగ్లిష్‌లో ప్యూపిల్. లాటిన్‌లో ‘పుపిల్లా’ అంటే చిన్నపిల్ల, బొమ్మ. గ్రీకులో ‘కోరె’, సంస్కృతంలో ‘కనీనిక’ రెండిటికీ చిన్నపిల్ల అనే అర్థం ఉంది. తెలుగులో అది కంటిపాప. ఎదుటివారి కంట్లోకి దగ్గరగా చూస్తే చిటికెన వేలి గోరంత మనిషి బొమ్మ కనిపిస్తుంది, అది చూసేవారి బొమ్మే. కంటి ముందు పొర అయిన కార్నియా కుంభాకార దర్పణంలా పనిచేసి నిటారైన చిన్న ప్రతిబింబాన్ని ఇస్తుంది. ఫిజిక్స్ పాఠానికి ముందే అన్ని చోట్లా మనుషులు ఆ ప్రతిబింబాన్ని చూసి పేరు పెట్టారు.

వేరు ఆధారమే, నిర్వచనం కాదు

వేర్లు తెలిసినంత మాత్రాన ప్రతి మాటా తెలిసినట్టు కాదు. ఇనాక్యులేషన్ అనే మాటలో ‘ఓకులుస్’ ఉందని చూసి టీకాను కంట్లో వేస్తారనుకుంటే తప్పు. చెరకు గడ కణుపు దగ్గరి మొగ్గను తెలుగు రైతు కన్ను అంటాడు, మూడు కళ్ల ముచ్చెలు నాటుతాడు. లాటిన్ రైతూ మొగ్గను కన్నే అన్నాడు. మొగ్గను తీసి మరో మొక్కకు అంటు కట్టడం ఇనాక్యులేషన్. 18వ శతాబ్దంలో మశూచి రాకుండా ఒంట్లోకి కొద్దిగా రోగ పదార్థం ఎక్కించే పద్ధతికి ఆ తోటపని మాట వచ్చి చేరింది.

పోలికలూ మోసం చేస్తాయి. యుటోపియాలో ఉన్నది ‘ఓపియా’ కాదు, చోటు అని అర్థమిచ్చే ‘టోపోస్’. గర్భాశయం బయట నిలిచే గర్భాన్ని చెప్పే ఎక్టోపిక్ అనే మాటలోనూ అదే ఉంది. ఆప్షన్, ఆప్టిమమ్ అనే మాటలకు ఆప్టిక్స్‌తో సంబంధం లేదు.

పైగా మాటకు పుట్టినప్పుడున్న హద్దు ఎప్పటికీ ఉండదు. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ తయారుచేసిన స్టెతస్కోప్ పేరుకు ‘రొమ్మును చూసేది’, చేసేది వినడం. మామూలు మైక్రోస్కోప్ దాదాపు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడిగా చూపలేదు, కాంతి తరంగ స్వభావం అడ్డు వస్తుంది. 1931లో రుస్కా, నాల్ మొదలుపెట్టిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కాంతినే పక్కనపెట్టింది. పుణె సమీపంలో ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లతో పనిచేసే రేడియో టెలిస్కోప్‌లో కన్ను పెట్టి చూసే చోటే లేదు. అయినా అవన్నీ స్కోప్‌లే.

ఈ వరసలో చాలా తరచుగా అపార్థానికి గురయ్యే మాట థియరీ. గ్రీకులో ‘థెయోరియా’ అంటే తదేకంగా చూడటం. థియేటర్ కూడా చూపుకు సంబంధించిన అదే వేరు నుంచి వచ్చింది. మామూలు మాటల్లో ‘అది ఉత్త థియరీ’ అంటే వట్టి ఊహ అని అర్థం. సైన్స్‌లో థియరీ అంటే ఎన్నో పరిశీలనలను కలిపి చూపించే వివరణ, పదేపదే పరీక్షకు నిలిచినది. పరిణామ సిద్ధాంతాన్ని, సాపేక్ష సిద్ధాంతాన్ని థియరీ అన్నప్పుడు ఉద్దేశం ఇదే. దాన్ని నిలబెట్టేది ఎవిడెన్స్, అంటే కళ్లకు కట్టేది. తెలుగులో సాక్ష్యం.

కొత్త మాట ఎదురైనప్పుడు చేయాల్సింది మూడు పనులు. ముందు దాన్ని ముక్కలుగా విడదీయాలి. తర్వాత తెలిసిన ముక్కను బట్టి అర్థం ఊహించాలి. చివరగా ఆ ఊహ సరైనదో కాదో పుస్తకంలోని నిర్వచనంతో సరిచూసుకోవాలి. మూడో పని మానేస్తే ఇనాక్యులేషన్ దగ్గర దారి తప్పుతాం. మొదటి రెండూ మానేస్తే మిగిలేది బట్టీ చదువే.